చేతితో చేసే నగ: రూపకల్పన, తయారీ, ధర – విద్యార్థులకు ఒక పాఠం



నగ అనగానే మనందరికీ ముందు బంగారం గుర్తుకు వస్తుంది. తులం ధర ఎంత, తరుగు ఎంత, మజూరీ ఎంత అన్న లెక్కే మన ఇళ్లలో వినబడుతుంది. కానీ మట్టితో, వెదురుతో, ఇత్తడితో, నూలు దారంతో చేసిన నగలకు కూడా ఈనాడు మంచి గిరాకీ ఉంది. ఒకే అచ్చులో వేలకు వేలు వచ్చే నగలు బజారులో నిండిపోయిన కొద్దీ, "ఇలాంటిది ఇంకొకటి లేదు" అనిపించే చేతి నగను వెతికేవారు పెరుగుతున్నారు. మన చంద్రపూర్ జిల్లాలో బొగ్గు గనుల పనికీ, బల్లార్పూర్ కాగితపు మిల్లు పనికీ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కుట్టు, అల్లిక, ముగ్గు, మగ్గం తెలిసిన చేతులు చాలా ఉన్నాయి. ఆ నేర్పు చదువుకు ఎలా తోడు కాగలదో, సంపాదనకు ఎలా దారి చూపగలదో ఈ పాఠంలో వివరంగా తెలుసుకుందాం.

ముందే ఒక మాట. ఇది "వారంలో నేర్చుకోండి, నెలకు వేలు సంపాదించండి" అని చెప్పే వ్యాసం కాదు. చేతిపనిలో లెక్క తెలియక నష్టపోయిన వారూ ఉన్నారు, లెక్క తెలిసి నిలబడిన వారూ ఉన్నారు. అందుకే ఇక్కడ రూపకల్పనతో పాటు గణితం, సైన్సు, చట్టం కూడా కొంత చెప్పుకుంటాం.

1. పొరుగునే ఉన్న పాఠశాల: ఆదిలాబాద్ డోక్రా

చంద్రపూర్ నుండి రాజురా దాటి, వాంకిడి మీదుగా వెళితే ఆసిఫాబాద్ వస్తుంది. నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని జైనూర్ మండలం ఉషేగావ్‌లో, ఆసిఫాబాద్ దగ్గరి కేస్లాగూడలో ఓజా కుటుంబాలవారు తరతరాలుగా ఇత్తడి పోత పని చేస్తున్నారు. గోండుల పూజలకు కావలసిన దేవతా రూపాలు, గంటలు, గజ్జెలు, ఒంటికి పెట్టుకునే నగలు వీరి చేతుల మీదుగానే వచ్చేవి. ఈ పనికి 2018లో "ఆదిలాబాద్ డోక్రా" పేరుతో భౌగోళిక గుర్తింపు లభించింది. రాజురా తాలూకా కూడా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. కనుక ఇది మనకు పరాయి కళ కాదు. రాష్ట్రాల సరిహద్దు మధ్యలో వచ్చింది గానీ అడవి ఒకటే, సంతలు ఒకటే, గోండు సంస్కృతి ఒకటే.

ఈ పని జరిగే తీరును "మైనం కరిగించి పోత పోయడం" అనవచ్చు. ఇందులో వరుస ఇలా ఉంటుంది:

(అ) ముందు మెత్తని మట్టితో వస్తువు లోపలి ఆకారం చేసి ఆరబెడతారు.
(ఆ) తేనె మైనంలో గుగ్గిలం వంటి బంక కలిపి, సన్నని దారాలుగా తీసి, ఆ మట్టి ఆకారం మీద చుడతారు. చుక్కలు, మెలికలు, గొలుసులు అన్నీ ఈ మైనపు దారంతోనే వస్తాయి.
(ఇ) దాని మీద వస్త్రగాళితం పట్టిన మెత్తని మట్టి పూత వేసి, ఆరిన తరువాత ముతక మట్టితో కప్పుతారు. కరిగిన లోహం లోపలికి పోవడానికి ఒక దారి విడిచిపెడతారు.
(ఈ) కాల్చినప్పుడు మైనం కరిగి పోతుంది. అది ఖాళీ చేసిన చోటులోకి కరిగిన ఇత్తడి వెళ్లి నిండుతుంది.
(ఉ) చల్లారాక మట్టిని పగలగొట్టి వస్తువును బయటికి తీసి, ఆకురాయితో రాకి మెరుగు పెడతారు.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ప్రతి నగకూ మైనం వేరు, మట్టి అచ్చు వేరు. నగ బయటికి రావాలంటే అచ్చు పగలాల్సిందే. అందువల్ల అచ్చం ఒకేలాంటివి రెండు రావు. చేతి నగకు ఉన్న ప్రత్యేకత ఈ పనిలో పుట్టుకతోనే ఉంది.

ఈ పద్ధతి ఎంత పాతదంటే, 1926లో మొహెంజొదారో తవ్వకాలలో దొరికిన నాట్యకత్తె కంచు బొమ్మ ఇదే విధానంలో పోసినది. సుమారు పది సెంటీమీటర్ల ఎత్తున్న ఆ బొమ్మ ఎడమ చేయి నిండా గాజులే. నాలుగు వేల సంవత్సరాలకు పైబడిన పనితనం, ఈనాటికీ మనకు పొరుగు ఊళ్లలో సజీవంగా ఉందన్న మాట.

2. మైనం లెక్క, ఇత్తడి లెక్క

తొమ్మిదో తరగతి విద్యార్థి కూడా చేయగలిగిన లెక్క ఇది. తేనె మైనం సాంద్రత సుమారు 0.96. ఇత్తడి సాంద్రత సుమారు 8.5. మైనం ఉన్నంత చోటే ఇత్తడి నింపుతుంది కాబట్టి, 1 గ్రాము మైనానికి దాదాపు 9 గ్రాముల ఇత్తడి కావాలి. చెవి కమ్మ ఒక్కొక్కటి 8 గ్రాములు మించితే రోజంతా పెట్టుకోవడం కష్టం. అంటే ఒక కమ్మకు మైనం 1 గ్రాము లోపే ఉండాలి. మైనం చేతిలో తేలికగా ఉందని ఎక్కువ చుట్టేస్తే, తయారైన కమ్మ చెవిని లాగుతుంది.

ఇంకొక లెక్క. 2 సెంటీమీటర్ల వ్యాసం గల పూసను గట్టిగా, లోపల ఖాళీ లేకుండా పోస్తే దాని ఘనపరిమాణం 4.19 ఘన సెంటీమీటర్లు. బరువు సుమారు 35.6 గ్రాములు. అదే పూసను లోపల మట్టి గుండు పెట్టి, 2 మిల్లీమీటర్ల మందంతో పోసి, తరువాత మట్టిని తీసివేస్తే, లోహం 2.04 ఘన సెంటీమీటర్లే. బరువు సుమారు 17.4 గ్రాములు. పది పూసల దండ చేస్తే గట్టి పూసలతో 356 గ్రాములు, బోలు పూసలతో 174 గ్రాములు అవుతుంది. ఇత్తడి ఖర్చు సగానికి తగ్గింది, మెడకు భారమూ తగ్గింది. లోపల మట్టి పెట్టే పద్ధతి ఎందుకు వచ్చిందో దీనిని బట్టి అర్థమవుతుంది. గోళం ఘనపరిమాణం సూత్రం పరీక్ష కోసమే అనుకునే పిల్లలకు ఈ లెక్క తప్పక చేయించండి.

ముఖ్య గమనిక: ఇత్తడి కరిగించడం ఇంట్లో చేసే పని కాదు. ఇత్తడిలో రాగితో పాటు జింకు ఉంటుంది. జింకు 907 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్దనే మరిగి ఆవిరవుతుంది. ఆ పొగ పీలిస్తే జ్వరం, చలి, దగ్గు, ఒళ్లు నొప్పులు వస్తాయి. పోత పనిని పనివారి దగ్గర, వారి పర్యవేక్షణలో చూసి నేర్చుకోవాలి. మైనపు రూపం చేయడం వరకు మాత్రం ఇంట్లో అభ్యాసం చేయవచ్చు.

3. డిజైన్ ఎక్కడి నుండి వస్తుంది?

చాలామంది పిల్లలు "నాకు బొమ్మలు గీయడం రాదు, డిజైన్ ఎలా వస్తుంది?" అని వెనుకాడతారు. నగ డిజైన్‌కు గొప్ప చిత్రకారులు కానక్కరలేదు. చూసినదాన్ని తగ్గించుకుంటూ పోవడం వస్తే చాలు.

ఉదాహరణకు మన చంద్రపూర్ కోట ద్వారాన్ని తీసుకోండి. జట్పురా గేటు ముందు నుండి రోజూ బడికి వెళ్లేవారు మనలో ఎందరో ఉన్నారు. గోండు రాజులు కట్టిన ఈ కోట గోడల మీద ఏనుగును అణచిన సింహం గుర్తు చెక్కి ఉంటుంది. ఒక కాగితం మీద ద్వారాన్ని ఉన్నది ఉన్నట్టు గీయండి. రెండవ కాగితం మీద రాళ్లు, సందులు తీసేసి, కమాను, రెండు బురుజులు మాత్రమే గీయండి. మూడవ కాగితం మీద కమాను గీత ఒక్కటి, కింద మూడు చుక్కలు చాలు. ఈ మూడవ కాగితంలో ఉన్నదే మీ లాకెట్ ఆకారం. చూసినవారు "ఇది ఎక్కడో చూసినట్టుందే" అనుకోవాలి.

మన ఇళ్లలో ఇంకొక గని ఉంది – ముగ్గు. ఐదు చుక్కల ముగ్గును 3 సెంటీమీటర్ల వృత్తంలో ఇమడ్చండి. చుక్కలు పూసలవుతాయి, గీతలు తీగలవుతాయి. బతుకమ్మ పేర్చే వరుస, చీర అంచు, తడోబా అడవిలో దొరికే ఆకుల ఈనెలు – ఇవన్నీ ఇలాగే పనికి వస్తాయి. వేరే ఊరివారికి మన ముగ్గు రాదు, మనకు కోట ద్వారం కొత్త కాదు. రెండూ తెలిసిన పిల్లలు చంద్రపూర్ తెలుగు పిల్లలే. మీ నగ ప్రత్యేకంగా ఉండడానికి ఇంతకంటే మంచి కారణం వెతకనక్కరలేదు.

గీసిన తరువాత ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి:

• ఎక్కడ వేలాడుతుంది? రంధ్రం పైభాగంలో, బరువుకు సరిగ్గా నడుమన ఉందా? లేకపోతే లాకెట్ ఒక పక్కకు ఒరుగుతుంది.
• ఎక్కడ విరుగుతుంది? సన్నని మెడ వంటి భాగాలు ఉన్నాయా?
• ఎక్కడ గుచ్చుకుంటుంది? చీర దారాలు, జుట్టు తగులుకునే కొనలు ఉన్నాయా?
• ఎవరు పెట్టుకుంటారు? చిన్నపిల్లల మెడకు, పెద్దవారి మెడకు ఒకే పొడవు సరిపోదు. సామాన్యంగా 16 అంగుళాల దండ కంఠానికి దగ్గరగా, 18 అంగుళాలది కంఠం కింద, 24 అంగుళాలది గుండెల మీద నిలుస్తుంది.

4. చేసి చూద్దాం: మట్టి పతకం, నూలు దండ

ఖర్చు తక్కువగా, అపాయం లేకుండా మొదలుపెట్టదగినది మట్టి నగ. మన జిల్లాలో భద్రావతి గ్రామోదయ సంఘ్ కుండల పనికి, పింగాణీ పనికి పేరు పొందినది. మీ ఊరి కుమ్మరివారే ఇందులో మీ మొదటి గురువులు. వారిని గౌరవంగా అడిగి, వారు వాడే మట్టినే తెచ్చుకోండి. నల్లరేగడి మట్టి ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోయి బీటలు ఇస్తుంది కనుక దానిని నేరుగా వాడకండి.

కావలసినవి: రెండు కిలోల కుమ్మరి మట్టి, బకెట్టు, పాత నూలు చీర ముక్క, చపాతీ కర్ర, తుమ్మ ముల్లు, అయిపోయిన రీఫిల్లు, పాత దువ్వెన, స్కేలు, నూలు దారం.

మొదటి మెట్టు – మట్టి సిద్ధం చేయడం: మట్టిని రెండు రోజులు నీటిలో నానబెట్టి, బాగా కలిపి, గుడ్డలో వడకట్టండి. రాళ్లు, వేళ్లు ఉండకూడదు. పేరుకున్న మెత్తని మట్టిని గుడ్డమీద పరిచి, చపాతీ పిండి మాదిరి అయ్యేవరకు ఆరనిచ్చి, బాగా పిసకండి. లోపల గాలి బుడగలు మిగిలితే ఆ చోట పతకం బలహీనమవుతుంది, కాల్చేటప్పుడు చిట్లుతుంది.

రెండవ మెట్టు – కుంచింపు కొలవడం: మట్టితో ఒక పట్టీ చేసి, దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. ఆరి, కాలిన తరువాత ఆ గీతను మళ్లీ కొలవండి. 9 సెంటీమీటర్లు ఉంటే మీ మట్టి 10 శాతం కుంచించుకుంటుందన్న మాట. అప్పుడు 4 సెంటీమీటర్ల పతకం కావాలంటే 4ను 0.9తో భాగించి, 4.4 సెంటీమీటర్లకు పైన చేయాలి. రంధ్రమూ కుంచించుకుంటుంది. దారం పట్టే రంధ్రం కంటే కొంచెం పెద్దదే పెట్టాలి. జత కమ్మలు ఒకే మట్టి ముద్దతో, ఒకే రోజు చేయకపోతే రెండూ ఒకే కొలతకు రావు.

మూడవ మెట్టు – ఆకారం: రెండు సమానమైన స్కేళ్ల మధ్య మట్టిని పెట్టి చపాతీ కర్రతో 4 మిల్లీమీటర్ల మందంగా ఒత్తండి. కాగితం మీది డిజైన్‌ను పైన పెట్టి ముల్లుతో చుట్టూ కోయండి. రీఫిల్లుతో చుక్కలు, దువ్వెనతో గీతలు పెట్టండి. అతికించవలసిన ముక్క ఉంటే, రెండు వైపులా ముల్లుతో గీరి, పలుచని మట్టి నీళ్లు రాసి అద్దండి. గీరకుండా అతికించినది ఆరగానే ఊడిపోతుంది.

నాలుగవ మెట్టు – ఆరబెట్టడం: ఎండలో పెట్టకండి. మన చంద్రపూర్ ఎండలో పైభాగం గంటలో ఆరిపోయి, లోపల తడి ఉండిపోతుంది. అందువల్ల పతకం వంగుతుంది, పగులుతుంది. నీడలో, పాత పేపరు కప్పి, నాలుగు నుండి ఏడు రోజులు ఆరనివ్వండి. చెంపకు ఆనించి చూస్తే చల్లగా తగలకూడదు. చల్లగా ఉంటే ఇంకా తడి ఉన్నట్టే. సగం ఆరినప్పుడు నున్నని గులకరాయితో రుద్దితే కాలిన తరువాత కూడా మెరుపు నిలుస్తుంది.

ఐదవ మెట్టు – కాల్చడం: దీనిని కుమ్మరి ఆవంలో, వారి కుండలతో పాటు కాల్పించడం మేలు. మంట మొదట మెల్లగా పెరగాలి. మట్టి రేణువుల్లో కలిసిపోయి ఉన్న నీరు సుమారు 500 నుండి 600 డిగ్రీల మధ్య విడిపోతుంది. ఆ తరువాతే మట్టి మళ్లీ నీటిలో కరగని స్థితికి వస్తుంది. గాలి బాగా తగిలితే మట్టిలోని ఇనుము వల్ల ఎర్ర రంగు వస్తుంది. గాలి ఆడకుండా ఊకలో పూడ్చి పొగ పట్టిస్తే నల్ల రంగు వస్తుంది. రంగు డబ్బా లేకుండానే రెండు రంగులు దొరికాయి కదా! కాలినది సరిగా కాలిందో లేదో తెలుసుకోవడానికి ఒక ముక్కను రాత్రంతా నీళ్లలో ఉంచండి. మెత్తబడితే కాలడం చాలలేదు.

ఆరవ మెట్టు – గుచ్చడం: మగ్గం ఉన్న ఇళ్లలో మిగిలిన నూలు, పట్టు దారాలు ఉంటాయి. వాటిని మూడు పాయలుగా అల్లి, పతకానికి రెండు పక్కలా మూడేసి మట్టి పూసలు గుచ్చండి. ప్రతి పూసకు అటూ ఇటూ ముడి వేస్తే పూసలు ఒకదానికొకటి తగిలి పగలవు; దారం తెగినా అన్నీ రాలవు. వెనుక కొక్కెం బదులు జారుముడి పెడితే, అది ఏ మెడకైనా సరిపోతుంది.

5. వెదురు నగలు

మన జిల్లా అడవుల్లో వెదురు సమృద్ధిగా ఉంది. చంద్రపూర్ నుండి మూల్ వెళ్లే దారిలో చిచ్‌పల్లి వద్ద వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పాటైంది. వెదురు రాఖీలు, కమ్మలు, గాజులు చేసి పేరు తెచ్చుకున్న మహిళలు మన జిల్లాలో ఉన్నారు. 2017లో జరిగిన అటవీ చట్ట సవరణ వల్ల, అడవి బయట పెంచిన వెదురును చట్టం "చెట్టు"గా లెక్కించడం లేదు. అడవిలోని వెదురుకు మాత్రం అటవీ శాఖ నియమాలు వర్తిస్తాయి. కాబట్టి వెదురును కొన్నచోట రసీదు తీసుకోండి.

వెదురుకు రెండు శత్రువులు – పురుగు, తడి. లేత బొంగులో పిండిపదార్థం ఎక్కువ. దానికోసమే పురుగు చేరి పొడి రాలుస్తుంది. మూడేళ్లు నిండిన బొంగు తీసుకుని, బద్దలను బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణంలో నానబెట్టి నీడలో ఆరబెడితే పురుగు పట్టదు. ఈ ద్రావణం చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి. చీలికల అంచులు కత్తిలా కోస్తాయి. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఇత్తడితో పోల్చితే వెదురు ఎంతో తేలిక కనుక పెద్ద ఆకారపు కమ్మలకు ఇది చాలా అనుకూలం.

6. ఒంటికి హాని చేయని నగ

నగ అమ్మేవారికి ఒక బాధ్యత ఉంది. చౌకగా దొరికే కొక్కేలు, చెవి తీగలలో నికెల్ ఉంటే కొందరికి దురద, పుండు వస్తాయి. ఐరోపా దేశాలు చర్మానికి తగిలే వస్తువుల నుండి వెలువడే నికెల్‌కు వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములు అని పరిమితి పెట్టాయి. కుట్టిన చెవిలోకి వెళ్లే తీగకు ఆ పరిమితి ఇంకా తక్కువ. కాబట్టి చెవిలోకి వెళ్లే తీగ మాత్రం వెండిదో, శస్త్రచికిత్సకు వాడే రకం స్టీలుదో పెట్టండి. రెండు రూపాయలు మిగులుతాయని అక్కడ తగ్గించకండి.

సీసం కలిసిన చౌక లోహాలు, రంగులు చిన్నపిల్లల నగలకు అసలు వాడరాదు. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు; సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

ఇత్తడిని ఇత్తడి అనే చెప్పి అమ్మండి. బంగారం విషయంలో 2021 జూన్ 16 నుండి హాల్‌మార్కు దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు అక్షరాలు, అంకెలు గల ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉన్న నగలనే హాల్‌మార్కు నగలుగా అమ్మాలి. ఇంట్లో బంగారం కొనేటప్పుడు ఆ సంఖ్యను చూసే అలవాటు పిల్లలకు నేర్పండి.

7. ధర ఎలా కట్టాలి?

చేతిపని చేసేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. సామాను ఖర్చు లెక్క వేసి, దాని మీద కొంత కలిపి అమ్మేస్తారు. తమ కూలి మరిచిపోతారు. ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికి మాత్రమే. మీ ఊరి ధరలు వేసుకోండి.

మట్టి, కాల్పు – 20 రూపాయలు
దారం, తీగలు – 25 రూపాయలు
పెట్టె, కాగితం – 15 రూపాయలు
మొత్తం సామాను – 60 రూపాయలు
పని రెండున్నర గంటలు, గంటకు 60 చొప్పున – 150 రూపాయలు
సామాను, కూలి కలిపి – 210 రూపాయలు
ఇతర ఖర్చులు (ప్రయాణం, ఫోను, పనిముట్ల అరుగుదల) 10 శాతం – 21 రూపాయలు
మొత్తం – 231 రూపాయలు

పదింటిలో ఒకటి ఆవంలో పగులుతుందనుకుందాం. ఆ పగిలినదాని ఖర్చును మిగిలిన తొమ్మిదే మోయాలి. కనుక 231ని 0.9తో భాగిస్తే 257 రూపాయలు. దీనిపై 15 శాతం లాభం వేస్తే 296 రూపాయలు. చేతికి రావలసినది ఇది.

ఇప్పుడు దుకాణదారు "అమ్మిన ధరలో 30 శాతం నాది" అన్నాడనుకోండి. చాలామంది 296కు 30 శాతం కలిపి 385 రూపాయలు అని చీటీ అతికిస్తారు. కానీ 385లో 30 శాతం అంటే 115 రూపాయల 50 పైసలు పోయి, మీ చేతికి 269 రూపాయల 50 పైసలే వస్తాయి. ప్రతి నగకు 26 రూపాయలకు పైగా నష్టం. సరైన లెక్క 296ని 0.7తో భాగించడం, అంటే 423 రూపాయలు. శాతం దేని మీద వేస్తున్నామో తెలియకపోవడం వల్ల వంద నగలకు రెండు వేల ఆరు వందలకు పైగా పోగొట్టుకుంటాం. ఏడో తరగతి పాఠమే ఇది. జీవితంలో మాత్రం చాలామంది దీనిలో తప్పుతున్నారు.

"ఇంత ధరకు ఎవరు కొంటారు?" అని మీకు సందేహం రావచ్చు. అప్పుడు కూలి తగ్గించుకోకండి. డిజైన్‌ను సులువు చేసి సమయం తగ్గించండి, పగిలేవాటిని తగ్గించండి. గంట పని తగ్గితే ఎంత తగ్గుతుందో పై లెక్కలో మీరే వేసి చూడండి.

8. ఇతరుల డిజైన్, మన డిజైన్

బజారులో చూసిన నగను అచ్చు దించి "నా డిజైన్" అని చెప్పడం న్యాయం కాదు, కొన్నిసార్లు చట్టవిరుద్ధం కూడా. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం కొత్త డిజైన్‌ను నమోదు చేసుకుంటే 10 సంవత్సరాలు, మరో 5 సంవత్సరాలు పొడిగింపుతో రక్షణ ఉంటుంది. అయితే నమోదుకు ముందే నలుగురికీ చూపించి ప్రచురిస్తే అది "కొత్తది" కాకుండా పోతుంది. ఈ సంగతి తెలియక ముందే ఫొటోలు అందరికీ పంపేవారు ఉన్నారు.

భౌగోళిక గుర్తింపు ఇంకొక రకమైన హక్కు. అది ఒక మనిషిది కాదు, ఆ ప్రాంతపు పనివారందరిదీ. కరీంనగర్ వెండి తీగ పనికి 2007లో, ఆదిలాబాద్ డోక్రాకు 2018లో, హైదరాబాద్ లక్క గాజులకు 2024లో ఈ గుర్తింపు వచ్చింది. మీరు చంద్రపూర్‌లో ఇత్తడి నగ చేయించి దానిని "ఆదిలాబాద్ డోక్రా" అని అమ్మకూడదు. ఆ పేరు కొద్ది ఓజా కుటుంబాల బతుకుతెరువు. వారి దగ్గర పని చేయిస్తే వారి ఊరి పేరు, వారి కూలి రెండూ వారికి దక్కేలా చూడాలి. గోండుల దేవతా రూపాలను వారి అనుమతి లేకుండా లాకెట్లుగా మార్చడం కూడా మంచిది కాదు; మన దేవుడిని ఎవరైనా తాళాలగుత్తికి వేలాడదీస్తే మనకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

9. పై చదువులకు దారులు

పన్నెండవ తరగతి తరువాత, ఏ గ్రూపు చదివినవారైనా, జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్) వారి నాలుగేళ్ల డిజైన్ డిగ్రీకి ప్రవేశ పరీక్ష రాయవచ్చు. అందులో యాక్సెసరీ డిజైన్ శాఖలో నగల రూపకల్పన ఉంటుంది. ముంబయిలోనూ, హైదరాబాద్‌లోనూ నిఫ్ట్ కేంద్రాలు ఉన్నాయి. 1961లో అహ్మదాబాద్‌లో ప్రారంభమైన జాతీయ డిజైన్ సంస్థ కూడా డిగ్రీ ఇస్తుంది. ముంబయిలో రత్నాలు, నగల కోసమే ప్రత్యేకంగా ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జెమ్స్ అండ్ జువెలరీ ఉంది. ఈ చదువుల ఫీజులు ఎక్కువే. కాబట్టి పదవ తరగతి నుండే ఉపకార వేతనాల గడువులు తెలుసుకుని, కులం, ఆదాయం, నివాస ధ్రువపత్రాలు ముందుగా సిద్ధం చేసుకోవాలి.

చేతివృత్తులవారికి కేంద్ర హస్తకళల శాఖ "పహచాన్" గుర్తింపు కార్డు ఇస్తుంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో స్వర్ణకారులు, కుమ్మరులు, బుట్టలు చాపలు అల్లేవారు ఉన్నారు. 18 సంవత్సరాలు నిండి, ఆ పని చేస్తున్నవారికి శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల రూపాయల వరకు రుణం అనేవి ఈ పథకంలోని ముఖ్యాంశాలు. కుటుంబంలో ఒక్కరికే అర్హత. దరఖాస్తుకు ముందు సేవా కేంద్రంలో తాజా నియమాలు అడిగి తెలుసుకోండి.

ఇంట్లో అభ్యాసం చేసే ప్రతి విద్యార్థీ ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. గీసిన బొమ్మ, వాడిన కొలత, పట్టిన సమయం, పగిలినవి ఎన్ని, ఎందుకు అనేవి తేదీ వేసి రాయాలి. డిజైన్ కళాశాలల ఎంపికలో చేతితో చేసిన పనికి, ఆలోచించిన తీరుకు విలువ ఉంటుంది. ఆ ఇంటర్వ్యూకు కావలసిన ఆధారం ఈ నోటుపుస్తకమే.

10. తల్లిదండ్రులకు మనవి

"చదువు పాడవుతుంది" అన్న మీ భయం సహజమే. అందుకు ఒక నియమం పెట్టండి – బడి రోజుల్లో అరగంట, సెలవు రోజుల్లో రెండు గంటలు. పరీక్షల నెలలో పని మూట కట్టి అటక మీద పెట్టండి. మట్టి ఎక్కడికీ పోదు.

అమ్మాయి నగలు చేస్తానంటే సంతోషించి, అబ్బాయి చేస్తానంటే నవ్వడం మానండి. మన అవుసలివారు, ఓజావారు తరతరాలుగా చేస్తున్న పని ఇది. అలాగే, పిల్లల చేత రాత్రింబవళ్లు చేయించి ఆర్డర్లు తీర్చడం కూడా తగదు. నేర్చుకోవడం వేరు, కూలికి పెట్టడం వేరు.

చదువులో కొంచెం వెనుకబడిన పిల్లలకు చేతిపని ధైర్యాన్ని ఇస్తుంది. గణితం అంటే భయపడే పిల్ల కూడా తన పతకం కుంచింపును తానే లెక్కగట్టాక, శాతాలంటే భయపడదు. వచ్చే సెలవుల్లో ఒకసారి పిల్లలను కుమ్మరివారి ఆవం దగ్గరికో, వెదురు పనివారి దగ్గరికో తీసుకువెళ్లండి. పనిచేసేవారిని పేరు పెట్టి కాక, అన్నా, కాకా, అక్కా అని పిలవమని చెప్పండి. నేర్పేవారి పట్ల గౌరవమే విద్యకు మొదటి మెట్టు.

అభ్యాసం

1. ఒక గాజుకు 6 గ్రాముల మైనం పట్టింది. ఇత్తడి సుమారు ఎంత కావాలి?
2. మీ మట్టి 8 శాతం కుంచించుకుంటుంది. కాలిన తరువాత 5 సెంటీమీటర్ల పతకం కావాలంటే ఎంత కొలతతో చేయాలి?
3. మీ చేతికి 210 రూపాయలు రావాలి. దుకాణదారు అమ్మకపు ధరలో 25 శాతం తీసుకుంటాడు. చీటీ మీద ఎంత రాయాలి?
4. మీ ఇంటి ముందు అమ్మ వేసే ఒక ముగ్గును మూడు కాగితాల పద్ధతిలో తగ్గించి, లాకెట్ డిజైన్ గీయండి.

జవాబులు: 1) సుమారు 54 గ్రాములు (దారిలో మిగిలే లోహం అదనం). 2) సుమారు 5.43 సెంటీమీటర్లు. 3) 280 రూపాయలు. నాలుగవ దానికి జవాబు మీ నోటుపుస్తకంలో ఉండాలి.